నాఫ్తలీన్ స్ఫటికం, క్వార్ట్జ్ దారం: బలహీన అయస్కాంత ప్రభావాల కొలతలో ఒక భారతీయ అధ్యాయం

సూరి భగవంతం పేరు వినగానే తెలుగు పాఠకునికి రామన్ ఫలితం, ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, రక్షణ పరిశోధనలు స్ఫురిస్తాయి. ఆయన 1929లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత విషమదైశికతపై ప్రచురించిన పత్రం మాత్రం మన విజ్ఞానశాస్త్ర చరిత్రలలో అరుదుగానే ప్రస్తావనకు వస్తుంది. నాఫ్తలీన్ అంటే బట్టల పెట్టెలో వేసే కలరా ఉండ. అయస్కాంతానికి ఏమాత్రం స్పందించనట్లు కనిపించే ఆ పదార్థంపై ఇరవయ్యేళ్ల యువకుడు ఎందుకు శ్రమించాడన్న ప్రశ్న నుంచి ఆనాటి కలకత్తా, ఢాకా ప్రయోగశాలల చరిత్రలోకి ప్రవేశించవచ్చు.

అయస్కాంతానికి బొత్తిగా స్పందించని పదార్థం లేదని 1845లో మైకేల్ ఫారడే నిరూపించాడు. బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువాల మధ్య వేలాడదీసిన బరువైన సీసపు గాజు కడ్డీ క్షేత్రదిశకు అడ్డంగా నిలిచింది. బిస్మత్ ధ్రువాల నుంచి దూరంగా తొలగింది. ఈ వికర్షణ గుణమే డయా అయస్కాంతత్వం. దాని పరిమాణం అత్యల్పం. నీటి ఘనపరిమాణ ససెప్టిబిలిటీ అంతర్జాతీయ ప్రమాణాలలో సుమారు మైనస్ 9, అదీ పది లక్షలలో ఒక వంతును కొలమానంగా తీసుకుంటేనే. ఇంత చిన్న విలువను చెరిపివేయడానికి నమూనాలో లేశమాత్రపు ఇనుము చాలు. చుట్టూ ఉన్న గాలి సైతం తటస్థం కాదు. అందులోని ఆక్సిజన్ పారా అయస్కాంత పదార్థం కనుక, గాలి ససెప్టిబిలిటీ నీటి విలువలో దాదాపు నాలుగు శాతం ఉంటుంది, గుర్తు మాత్రం వ్యతిరేకం. ఇనుప మాలిన్యపు ప్రభావాన్ని వేరుచేయడానికి వివిధ క్షేత్ర తీవ్రతల వద్ద కొలిచి, అనంత తీవ్రతకు బహిర్వేశనం చేసే పద్ధతిని హోండా, ఓవెన్ రూపొందించారు. ఈ రంగంలో పరిశోధకుని కాలంలో అధికభాగం కొలవడంలో కాక, కొలిచినది నిజంగా తాను కొలవదలచినదేనా అని తేల్చుకోవడంలోనే గడిచిపోయేది.

పాల్ పాస్కల్ 1910 నుంచి కర్బన సమ్మేళనాల ససెప్టిబిలిటీలను పరమాణువుల వాటాల మొత్తంగా లెక్కగట్టే స్థిరాంకాలను సిద్ధం చేశాడు. రసాయన శాస్త్రజ్ఞులకు అవి ఎంతో ఉపకరించాయి. అయితే ద్రవాలలో, పొడులలో లభించేది అన్ని దిశల సగటు మాత్రమే. అణువు ఒక దిశలో ఎక్కువగా, మరొక దిశలో తక్కువగా స్పందిస్తే ఆ తేడా సగటులో కలిసిపోతుంది. కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ ద్రవాల అయస్కాంత ద్వివక్రీభవనాన్ని పరిశీలిస్తూ బెంజీన్ వంటి అణువులలో ఈ తేడా గణనీయమని 1927 నాటికే గ్రహించారు. దానిని సూటిగా చూడాలంటే అణువులు క్రమబద్ధంగా అమరిన స్ఫటికం కావాలి. రెండు బెంజీన్ వలయాలు కలిసిన నాఫ్తలీన్ అందుకు తగిన పదార్థం. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో రామన్ వద్ద చేరిన భగవంతం చేపట్టినది ఈ పనినే.

ఆ కొలతకు కచ్చితత్వం తెచ్చినవాడు కృష్ణన్. 1928 చివరలో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరిన ఆయన, బి.సి. గుహ, ఎస్. బెనర్జీలతో కలిసి అనుసరించిన పద్ధతి చూడటానికి ఎంతో సరళం. స్ఫటికాన్ని సన్నని క్వార్ట్జ్ దారానికి వేలాడదీసి ఏకరీతి అయస్కాంత క్షేత్రంలో ఉంచుతారు. క్షేత్రం ఏకరీతిగా ఉన్నందున స్ఫటికాన్ని పక్కకు లాగే బలం ఉండదు. దానిని ఒక నిర్ణీత దిశకు తిప్పే బలయుగ్మం మాత్రమే ఉంటుంది. స్ఫటికం ఆ దిశలో స్థిరపడ్డాక దారం పై కొసను నెమ్మదిగా తిప్పుతారు. దారం మెలిపడుతుంది, క్షేత్రం స్ఫటికాన్ని పట్టి ఉంచుతుంది. సమతాస్థితి నుంచి స్ఫటికం 45 డిగ్రీలు తిరిగే వరకు క్షేత్రపు బలయుగ్మం పెరుగుతూ వస్తుంది. ఆ హద్దు దాటిన మరుక్షణం పట్టు సడలి స్ఫటికం గిర్రున తిరిగిపోతుంది. ఆ క్షణానికి పై కొసను ఎంత కోణం తిప్పారో చదువుకుంటే చాలు. ఆ కోణం, దారపు విమోటన స్థిరాంకం, స్ఫటిక ద్రవ్యరాశి, క్షేత్ర తీవ్రత తెలిస్తే ఆ తలంలోని రెండు ప్రధాన ససెప్టిబిలిటీల తేడా లభిస్తుంది.

ఈ పద్ధతి విలువ ‘తేడా’ అన్న మాటలోనే ఉంది. రెండు విలువలను విడివిడిగా కొలిచి ఒకదానినుంచి మరొకటి తీసివేస్తే రెండింటి దోషాలూ శేషంలో మిగులుతాయి. ఇక్కడ ప్రకృతే ఆ తీసివేత చేసి ఇస్తున్నది. మన గ్రంథాలు ఢాకా బృందపు కృషిని పరికరాల కొరతను అధిగమించిన గాథగా చెబుతుంటాయి. అది సగం మాటే. పరికరం సాదాగా ఉండటం ఇక్కడ లోటు కాదు, ఆలోచనలోని స్పష్టతకు ఫలితం. ఇక ససెప్టిబిలిటీల పరమ విలువలకు వేరే మార్గం అవసరం. స్ఫటికాన్ని ద్రావణంలో ముంచి, రెండింటి ససెప్టిబిలిటీ సమానమై స్ఫటికం కదలకుండా నిలిచే వరకు ద్రావణాన్ని సవరించే పద్ధతిని 1927లోనే ఇసిడోర్ రాబీ అమెరికాలో ప్రచురించాడు.

ఢాకా ఫలితాలు 1933లో రాయల్ సొసైటీ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో వెలువడ్డాయి. 1936లో కాథలీన్ లాన్స్‌డేల్, కృష్ణన్ కలిసి స్ఫటికపు విలువల నుంచి అణువు విలువలను రాబట్టే సూత్రాలను వివరించారు. నాఫ్తలీన్ అణువుకు దాని తలంలో ఉండే రెండు విలువలు పాత ప్రమాణాలలో నలభైకి అటూ ఇటూగా ఉండగా, తలానికి లంబంగా ఉండే విలువ 187 దాకా ఉంది. నాలుగు రెట్లకు మించిన ఈ తేడాకు పరమాణువుల వాటాలను కూడితే సమాధానం దొరకదు. వలయమంతటా సంచరించే ఎలక్ట్రాన్లు ప్రవాహంలా ప్రవర్తిస్తాయన్న లెక్కను 1936లో లైనస్ పౌలింగ్, మరుసటి ఏడు ఫ్రిట్జ్ లండన్ ముందుకు తెచ్చారు. సిద్ధాంతం నిలుస్తుందో లేదో తేల్చడానికి వారికి ఒరిపిడిరాయిగా ఉన్నవి ఈ ప్రయోగాల విలువలే. గ్రాఫైటులో పొరలకు లంబంగా, పొరల తలంలో ఉండే విలువల మధ్య అంతరం ఇంకా విపరీతం. దానిని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లతో ముడిపెట్టి గంగూలీ, కృష్ణన్ 1941లో ప్రచురించారు. ఇదే కాలంలో లాహోరులో శాంతి స్వరూప్ భట్నాగర్, కె.ఎన్. మాథుర్ కాంతి వ్యతికరణంపై ఆధారపడిన అయస్కాంత తులను నిర్మించారు. వారిద్దరి అయస్కాంత రసాయన శాస్త్ర గ్రంథం 1935లో వెలువడింది.

భగవంతం 1932లో వాల్తేరు చేరారు. అక్కడ ఆయన కృషి ప్రధానంగా కాంతి పరిక్షేపణం, స్ఫటిక సౌష్ఠవం దిశగా సాగింది. టి. వెంకటరాయుడుతో కలిసి రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ప్రచురించింది. స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక ధర్మాలకూ గల సంబంధంపై ఆయన గ్రంథం 1966లో వచ్చింది. స్ఫటికం ఏ దిశలో ఎలా స్పందించగలదో దాని సౌష్ఠవమే నిర్దేశిస్తుందన్నది ఈ రచనలకు మూలసూత్రం. 1929 నాటి పత్రం ఒక్క పదార్థం విషయంలో వేసిన ప్రశ్న కూడా దిశకు సంబంధించినదే. ఈ కారణంగా, నాఫ్తలీన్ పరిశోధనను ఆయన జీవితచరిత్రలో రామన్ ఫలితానికి అనుబంధంగా కాక, సౌష్ఠవ చింతనకు తొలి మెట్టుగా చదవడమే సమంజసమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.