పర్వత హిమరాశి పరిశీలన

పర్వత హిమరాశి పరిశీలన అనగా శీతాకాలంలో ఎత్తైన కొండలపై కురిసే మంచును, దానిని తెచ్చే తుఫానులను క్రమం తప్పకుండా కొలిచి నమోదు చేయడం. అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ భాగంలోని సియెర్రా నెవాడా, రాకీ పర్వతాలలో ఇది శతాబ్దానికి పైగా సాగుతోంది. ప్రభుత్వ శాఖలతో పాటు జీతభత్యాలు లేని ఔత్సాహికులు కూడా ఇందులో పాల్గొంటారు. ఈ కొలతల ఆధారంగానే ఎండాకాలంలో నదులలో ఎంత నీరు పారుతుందో, వరద ముప్పు ఉన్నదో లేదో ముందుగా అంచనా వేస్తారు. కాలిఫోర్నియా రాష్ట్ర నీటి అవసరాలలో సగటున 30 శాతం సియెర్రా నెవాడా మంచు నుండి తీరుతుంది.

పదాల వివరణ

తెలుగులో "మంచు" అనే మాటను పలు అర్థాలలో వాడుతారు. తెల్లవారుజామున గడ్డిపై కనిపించే నీటి బిందువులు, పొగమంచు, గడ్డకట్టిన నూగుమంచు, ఆకాశం నుండి రేకులుగా రాలే మంచు అన్నీ మంచే. ఈ వ్యాసంలో మంచు అంటే చివరిది మాత్రమే. అది కురవడాన్ని హిమపాతం అని, కురిసిన మంచు పొరలు పొరలుగా పేరుకుని శీతాకాలమంతా కరగకుండా నిలిచి ఉన్నదానిని హిమరాశి అని అంటారు.

మంచు లోతు, జలతుల్యత

మంచు ఎంత లోతుగా ఉన్నదో తెలిసినంత మాత్రాన అందులో ఎంత నీరు ఉన్నదో తెలియదు. ఒక చోటి మంచు మొత్తం కరిగితే అక్కడ నిలిచే నీటి లోతును ఆ మంచు యొక్క జలతుల్యత అంటారు. కొత్తగా కురిసిన మంచులో అధిక భాగం గాలి. స్థూలంగా 10 అంగుళాల కొత్త మంచు కరిగితే ఒక అంగుళం నీరు వస్తుందని చెబుతారు. కాని ఈ లెక్క అన్ని చోట్లా సరిపోదు. పసిఫిక్ మహాసముద్రానికి దగ్గరగా ఉన్న సియెర్రా నెవాడాలో మంచు తడిగా, బరువుగా ఉంటుంది. లోతట్టున ఉన్న యూటా రాష్ట్రంలో పొడిగా, తేలికగా ఉంటుంది. నెలల తరబడి నిలిచిన మంచు తన బరువుకు తానే అణగి ఇంకా చిక్కబడుతుంది. అందువలన పాత మంచు లోతు తగ్గినా, అందులోని నీరు తగ్గకపోవచ్చు.

ఉదాహరణకు 2023 ఏప్రిల్ 3న కాలిఫోర్నియాలోని ఫిలిప్స్ స్టేషన్ వద్ద మంచు లోతు 126.5 అంగుళాలు, జలతుల్యత 54 అంగుళాలు. అనగా అక్కడి మంచులో నూటికి 43 పాళ్ళు నీరే. హిమరాశి పరిశీలనలో ప్రధానమైనది లోతు కాదు, బరువు.

చరిత్ర

సియెర్రా నెవాడా మంచు తీవ్రత 1846-47 శీతాకాలంలో డానర్ బృందానికి జరిగిన విషాదం వలన అందరికీ తెలిసింది. కాలిఫోర్నియాకు వలస వెళ్తున్న ఆ బృందం మంచులో చిక్కుకుపోగా, 87 మందిలో దాదాపు సగం మంది మరణించారు. వారు చిక్కుకున్న చోటికి డానర్ కనుమ అనే పేరు స్థిరపడింది.

దేశంలో వాతావరణ శాఖను పౌర సంస్థగా మార్చిన 1890 చట్టంతో పాటే స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థ కూడా రూపుదిద్దుకుంది. రైతులు, ఉపాధ్యాయులు, దుకాణదారులు తమ ఇళ్ళ వద్దనే ప్రతిరోజూ ఉష్ణోగ్రతను, వానను, మంచును కొలిచి పంపేవారు. ఈ వ్యవస్థ నేటికీ కొనసాగుతోంది.

పర్వత హిమరాశిని శాస్త్రీయంగా కొలిచే పద్ధతికి ఆద్యుడు జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ (1869-1959). ఈయన వాతావరణ శాస్త్రవేత్త కాదు. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్, గ్రీకు సాహిత్యాలు బోధించిన ఆచార్యుడు. శీతాకాలంలో కొండలెక్కడం ఈయనకు ఇష్టం. ఆ ఇష్టంతోనే రీనో నగరానికి సమీపంలో 10,776 అడుగుల ఎత్తున్న మౌంట్ రోజ్ శిఖరంపై వాతావరణ పరిశీలన కేంద్రాన్ని నెలకొల్పాడు. అప్పట్లో టాహో సరస్సు నీటి మట్టం విషయమై ఒడ్డున ఆస్తులున్నవారికి, దిగువన నీటిని వాడుకునే విద్యుత్ సంస్థకు, రైతులకు మధ్య వివాదం ఉండేది. చర్చ్ కొండలపై మంచును తూచి, వసంతంలో సరస్సు ఎంత పెరగగలదో ముందే అంచనా వేసి చెప్పాడు. వివాదంలో ఉన్న పక్షాలకు ఊహకు బదులు ఒక లెక్క దొరికింది.

కాలిఫోర్నియా రాష్ట్రం 1929లో సహకార హిమ సర్వేక్షణను ప్రారంభించింది. 1946లో డానర్ కనుమ సమీపంలోని సోడా స్ప్రింగ్స్ వద్ద సెంట్రల్ సియెర్రా హిమ ప్రయోగశాల ఏర్పడింది. 1952 జనవరిలో ఈ ప్రాంతంలోనే "సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో" అనే రైలు రెండు వందల మందికి పైగా ప్రయాణికులతో, సిబ్బందితో మూడు రోజుల పాటు మంచులో నిలిచిపోయింది.

కొలిచే పద్ధతి

చర్చ్ రూపొందించిన సాధనం బోలుగా ఉండే పొడవాటి లోహపు గొట్టం. దాని అడుగు అంచుకు రంపపు పళ్ళు ఉంటాయి. దానిని నేల తగిలే వరకు మంచులోకి దింపి, లోపల నిండిన మంచుతో సహా పైకి తీసి వేలాడే త్రాసుతో తూస్తారు. ఖాళీ గొట్టం బరువును తీసివేస్తే మంచు బరువు వస్తుంది. గొట్టం మూతి వ్యాసం సుమారు ఒకటిన్నర అంగుళాలు. ఒక ఔన్సు మంచు ఒక అంగుళం నీటికి సమానమయ్యేటట్లు ఆ కొలతను ఎంచారు. అందువలన కొండ మీద నిలబడి గుణకారాలు చేయనవసరం లేదు.

పర్వతమంతటా మంచును తూచడం అసాధ్యం. అందుచేత కొన్ని స్థలాలను ఎంచి, ప్రతి సంవత్సరం అదే చోట, అదే వరుసలో, దాదాపు అదే తేదీలలో కొలుస్తారు. ఆ సంవత్సరపు విలువను అదే స్థలపు దీర్ఘకాల సగటుతో పోల్చి శాతంగా చెబుతారు. సగటు కంటే మంచు ఎంత శాతం ఎక్కువో తక్కువో చూసి నదీ ప్రవాహాన్ని కూడా అదే నిష్పత్తిలో అంచనా వేయవచ్చుననేది చర్చ్ సూత్రం. హిమరాశి సాధారణంగా ఏప్రిల్ 1 ప్రాంతంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది కనుక ఆ తేదీని ప్రమాణంగా తీసుకుంటారు.

1970ల నుండి "స్నోటెల్" అనే స్వయంచాలక కేంద్రాలు వచ్చాయి. వీటిలో నేలపై పరచిన, గడ్డకట్టని ద్రవంతో నింపిన పెద్ద దిండు వంటి పరికరం తన మీద పేరుకున్న మంచు బరువును నమోదు చేసి సమాచారాన్ని దూరానికి పంపుతుంది. పశ్చిమ రాష్ట్రాలలో ఇటువంటి కేంద్రాలు 900కు పైగా ఉన్నాయి. 2013 నుండి విమానంలో అమర్చిన లేజర్ పరికరాలతో మొత్తం నదీ పరీవాహక ప్రాంతపు మంచు లోతును కొలిచే పద్ధతి కూడా అమలులోకి వచ్చింది.

ఔత్సాహికుల పాత్ర

ఔత్సాహిక పరిశీలకుని సామగ్రి స్వల్పం. తెల్లరంగు వేసిన చదునైన చెక్కపలక, అంగుళంలో పదో వంతు గుర్తులున్న కొలబద్ద, నాలుగు అంగుళాల వ్యాసం గల వర్షమాపకం సరిపోతాయి. గాలికి మంచు కుప్పపడని, కొట్టుకుపోని చోట పలకను ఉంచుతారు. కొలిచిన తరువాత పలకను తుడిచి కొత్త మంచుపై మళ్ళీ ఉంచుతారు.

ఎంత తరచుగా కొలవాలి అనే నియమం ముఖ్యమైనది. మంచు కురుస్తూనే అణుగుతుంది కనుక, మాటిమాటికి కొలిచి తుడిచి కూడితే మొత్తం పెరిగిపోతుంది. 1997 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటేగ్ వద్ద 24 గంటలలో 77 అంగుళాల మంచు కురిసినట్లు ఒక స్వచ్ఛంద పరిశీలకుడు నమోదు చేశాడు. అది జాతీయ రికార్డు కావలసినది. అయితే ఆ వ్యవధిలో నాలుగు సార్లకు మించి కొలవరాదని, అక్కడ ఆరు సార్లు కొలిచారని నిపుణుల సంఘం దానిని ఆమోదించలేదు. 1921 ఏప్రిల్‌లో కొలరాడోలోని సిల్వర్ లేక్ వద్ద నమోదైన 75.8 అంగుళాలే రికార్డుగా నిలిచింది.

కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో 1997 జులై 28న కుంభవృష్టి వలన వరద వచ్చి ఐదుగురు మరణించారు. నగరంలో ఒక వైపు 14 అంగుళాలకు పైగా వాన పడగా, మరొక వైపు రెండు అంగుళాలైనా పడలేదు. కొద్దిపాటి కేంద్రాలతో ఇటువంటి తేడాలు తెలియవని గ్రహించి, 1998లో అక్కడి వాతావరణ నిపుణులు "కోకోరాస్" అనే స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థను ప్రారంభించారు. తరువాత అది 50 రాష్ట్రాలకూ విస్తరించింది. ఇందులో వానతో పాటు కొత్త మంచును, దాని జలతుల్యతను కూడా నమోదు చేస్తారు.

దీర్ఘకాల పరిశీలనకు బిల్లీ బార్ మంచి ఉదాహరణ. ఈయన కొలరాడోలోని గాథిక్ అనే పాడుపడిన గనుల ఊరిలో నివసిస్తూ 1970ల మధ్య నుండి ప్రతి శీతాకాలం మంచును, వసంతంలో మొదట కనిపించే పక్షులను, జంతువులను కాలక్షేపంగా రాసుకున్నాడు. ఆ పుస్తకాలు తరువాత శాస్త్రవేత్తల చేతికి అందాయి. వాతావరణ మార్పు వలన ఎత్తైన ప్రదేశాలలోని జీవుల దినచర్య ఎట్లా మారుతోందో తెలిపే పరిశోధనలకు అవి ఆధారమయ్యాయి. వాటి విలువ ఏ ఒక్క అంకెలోనూ లేదు. ఒకే మనిషి, ఒకే చోట, దశాబ్దాల పాటు మానకుండా రాయడంలో ఉన్నది.

తుఫానుల పరిశీలన

పసిఫిక్ నుండి సన్నని, పొడవాటి పట్టీగా ప్రవహించే నీటి ఆవిరిని "వాతావరణ నది" అంటారు. సియెర్రా నెవాడాలో పెద్ద హిమపాతాలకు ఇదే ముఖ్య కారణం. ఏ ఎత్తులో వాన మంచుగా మారుతుందో అది హిమరేఖ. హిమరేఖ కొన్ని వందల అడుగులు పైకి జరిగినా కొండవాలులో పెద్ద భాగంపై మంచుకు బదులు వాన పడుతుంది. ఆ వాన అప్పటికే ఉన్న మంచును కూడా కరిగిస్తే వరద వస్తుంది. 1997 జనవరి మొదట్లో ఉత్తర కాలిఫోర్నియాలో వచ్చిన పెద్ద వరదలు ఇటువంటివే. కొండలు రాడార్ కిరణాలకు అడ్డుపడతాయి కనుక, "ఇక్కడ ఇప్పుడు వాన, పై ఊరిలో మంచు" అని తెలిపే పరిశీలకుల కబురు వాతావరణ శాఖకు ఉపకరిస్తుంది.

ఒక్క తుఫానును చూసి సంవత్సరాన్ని అంచనా వేయరాదు. 2021 డిసెంబరులో సెంట్రల్ సియెర్రా ప్రయోగశాల వద్ద 200 అంగుళాలకు పైగా మంచు కురిసి ఆ నెల రికార్డును దాటింది. సంవత్సరాంతానికి రాష్ట్ర హిమరాశి ఆ తేదీ సగటులో 160 శాతానికి చేరింది. కాని తరువాతి మూడు నెలలు తీవ్రమైన పొడి వాతావరణం నెలకొని, 2022 ఏప్రిల్ 1 నాటికి అది 38 శాతానికి పడిపోయింది.

రెండు అంచులు: 2015, 2023

ఫిలిప్స్ స్టేషన్ వద్ద 1941 నుండి కొలతలు ఉన్నాయి. 2015 ఏప్రిల్ 1న అక్కడ కొలవడానికి మంచే లేదు. అక్కడ కొలతలు మొదలైన తరువాత ఆ తేదీన అట్లా జరగడం అదే మొదటిసారి. రాష్ట్రమంతటా హిమరాశి సగటులో 5 శాతం మాత్రమే ఉన్నది. గవర్నరు జెర్రీ బ్రౌన్ ఎండిన ఆ గడ్డి నేలపై నిలబడి పట్టణాల నీటి వాడకాన్ని 25 శాతం తగ్గించాలని ఆదేశించాడు.

2023లో అందుకు విరుద్ధంగా హిమరాశి సగటులో 237 శాతానికి చేరింది. శాన్ వాకీన్ లోయలో ఎన్నడో ఎండించి పొలాలుగా మార్చిన టులారే సరస్సు ఆ సంవత్సరం మళ్ళీ నీటితో నిండి వేలాది ఎకరాల పంటను ముంచింది. కరువుకైనా వరదకైనా ముందుగా హెచ్చరించినది మంచు కొలతే.

హిమాలయాలు, తెలుగువారు

హిమాలయాలలో హిమ సర్వేక్షణ విషయమై సలహాలిచ్చేందుకు చర్చ్ 1940లలో భారతదేశానికి వచ్చాడు. 1969లో మనాలీలో మంచు, హిమసంపాతాల అధ్యయన సంస్థ ఏర్పడింది. 2020లో దానిని రక్షణ పరిశోధనకు చెందిన మరొక సంస్థతో విలీనం చేశారు.

సట్లెజ్, గంగ వంటి నదులకు మంచు నీరు కూడా అందుతుంది. గోదావరి, కృష్ణ నదులకు మాత్రం హిమరాశి లేదు. అవి ప్రధానంగా ఋతుపవనాల వాన నీటితోనే పారుతాయి. లంబసింగి వంటి చోట్ల చలికాలంలో కనిపించేది గడ్డకట్టిన నూగుమంచే కాని హిమపాతం కాదు. అయితే కాలిఫోర్నియాలోని సన్నీవేల్, ఫ్రీమాంట్ వంటి నగరాలలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళ కుళాయిలలోకి వచ్చే నీటిలో కొంత భాగం సియెర్రా మంచు కరిగి హెచ్ హెచీ జలాశయం ద్వారా చేరినదే.

ఇవి కూడా చూడండి

* సియెర్రా నెవాడా
* హిమసంపాతం
* వర్షమాపకం
* నైఋతి ఋతుపవనాలు