అంటువ్యాధులపై సైనిక కసరత్తులు

సైనిక స్థావరంలో అంటువ్యాధి తలెత్తితే ఎవరు ఏం చేయాలో ముందే చేసి చూసుకోవడం ఈ కసరత్తుల పని. తొలి రోగిని గుర్తించడం, విడిగా ఉంచడం, తాగునీటిని పరీక్షించడం, పై అధికారులకు కబురు చేర్చడం ఇందులో ముఖ్యం.

ఈ కసరత్తుల వెనుక కలరా అనుభవం ఉంది. 1817 నవంబరులో బుందేల్‌ఖండ్‌లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ సైన్యం ఈ వ్యాధితో వేలమందిని పోగొట్టుకుంది. బేత్వా నది దాటి మెరక నేలకు మకాం మార్చాక ఉధృతి తగ్గింది. అప్పటి నుంచి కలరా వస్తే గుడారాలు ఎత్తడమే మందుగా నిలిచింది.

ఆ పాఠం ఎంత అరకొరదో కర్నూలు సీమలో బయటపడింది. దత్తమండలాల మాజీ కలెక్టరు, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827లో వీడ్కోలు పర్యటనకు వచ్చాడు. శిబిరానికి అప్పటికే కలరా సోకింది. మకాం గుత్తి నుంచి పత్తికొండకు కదిలింది, జబ్బూ వెంటే కదిలింది. జూలై 6 ఉదయం మంచం పట్టిన మన్రో ఆ రాత్రే కన్నుమూశాడు. ఆయన పేర పత్తికొండలో ఒక తోపు పెంచి, బావి కట్టించారు. నీటితో పాకే వ్యాధికి బలైనవాడికి బావే స్మారకం కావడం మనసును కలచివేస్తుంది. కలరా నీటి ద్వారా పాకుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863లో రాయల్ కమిషన్ తేల్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ లెక్కలు పట్టుకుని బారకాసులు, మురుగుకాల్వలు, నీటి వసతి బాగుచేయాలని పట్టుబట్టింది. కంటోన్మెంట్లలో పారిశుద్ధ్య నియమాలు బిగిశాయి. కలరా వస్తే పటాలాలు విడివిడిగా మకాం వేయడం ఆనవాయితీ అయింది. 1884లో జర్మన్ వైద్యుడు కాక్ కలరా క్రిమిని నిర్ధారించాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. శత్రువు ఎక్కడుందో తెలిశాకే ఏం సాధన చేయాలో తెలిసింది.

కోవిడ్ ఈ సాధనను మళ్లీ ముందుకు తెచ్చింది. 2021 డిసెంబరులో పుణెలో జరిగిన పానెక్స్-21 విన్యాసంలో బంగాళాఖాత ప్రాంత కూటమి బిమ్స్‌టెక్ దేశాలు మహమ్మారి వేళ విపత్తు వస్తే ఎలా ఎదుర్కోవాలో కలిసి ఆలోచించాయి. అంతకు ముందే, 2019 నవంబరులో, విశాఖ, కాకినాడ తీరాల్లో భారత, అమెరికా సేనలు టైగర్ ట్రయంఫ్ జరిపాయి. అది విపత్తు సహాయ విన్యాసమే అయినా, అందులో వైద్య బృందాలకూ పని పడింది.