నొప్పికి చరిత్ర లేదా?

పల్నాటి చరిత్ర అనగానే కారంపూడి యుద్ధం, నాగమ్మ, బ్రహ్మనాయుడు గుర్తొస్తారు. వినుకొండ, బొల్లాపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంగిపోయిన నడుములు మాత్రం ఏ చరిత్రలోకీ ఎక్కలేదు.

ఆ పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో షార్ట్, ఆయన సహచరులు మనదేశంలో మొదటిసారి ఫ్లోరోసిస్‌ని నమోదు చేశారు. అప్పటినుంచీ వైద్యం ఎముకల్ని చూసింది, నీళ్ళని కొలిచింది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమంది. బిగుసుకున్న వెన్నుతో బిందె ఎత్తే మనిషి దిగులుకి కొలత లేదు.

మా వైపు ఆడవాళ్ళు నొప్పిని సలుపు, పోటు, గుంజుడు అని విడివిడిగా చెబుతారు. దిగులు మాత్రం చెప్పరు. ఇంటిపనికి పనికిరాకుండా పోయానన్న అవమానం, పిల్లలకి బరువయ్యానన్న భయం ఆ నొప్పిని ఇంకా పెంచుతాయి. 'అంతా మనసులోనే ఉంది' అంటే ఎముక నొప్పి అబద్ధమవుతుంది. 'ఎముక జబ్బే' అంటే దిగులు అబద్ధమవుతుంది. ఈ రెంటినీ విడదీయలేమని, 1960లలో లండన్‌లో మరణానికి దగ్గరైన రోగుల మాటలు విని సిసిలీ సాండర్స్ చెప్పింది.

మనకి జిల్లా మానసిక ఆరోగ్య పథకం 1996లో, ఫ్లోరోసిస్ నివారణ పథకం 2008-09లో వచ్చాయి. మానసిక వైద్యం హక్కని 2017 చట్టం చెప్పింది. ఈ మూడూ ఒకే స్త్రీ దగ్గర కలవాలి. మంచినీళ్ళు అడిగిన గొంతుతోనే, కూర్చుని వినే మనిషినీ అడుగుదాం.