50 డాలర్ల నోటూ, నోట నమిలిన వలా

ఆన్‌సైట్ అంటూ ఆస్ట్రేలియా వెళ్ళొచ్చిన వాళ్ళందరూ అక్కడి 50 డాలర్ల నోటు చూసే ఉంటారు. 1995 నుంచీ దానిమీద ఉన్నాయన పేరు డేవిడ్ యునైపన్. రచయిత, పరికరాలు కనిపెట్టిన మనిషి. ముర్రే నది సముద్రంలో కలిసే ప్రాంతంలో ఉండే నారింజెరి అనే ఆదిమజాతి వాడు. ఆ జాతి వాళ్ళ చేపల వలల గురించి చదువుతుంటే నాకు మన ప్రాజెక్టుల్లో 'కేటీ' తంతు గుర్తొచ్చింది.

ఇంతకీ వాళ్ళకి దారం ఎక్కణ్ణించి వచ్చేది? నీళ్ళలో పెరిగే జమ్ము నుంచి. దుంపల్ని కాల్చి, నమిలి, పిండి తిని, మిగిలిన పీచుని దాచేవాళ్ళు. ఆడవాళ్ళు గంటల తరబడి నమిలితే, మగవాళ్ళు ఆ పీచుని తొడ మీద పురి పెట్టి దారం తీసేవారు. దాంతో వలలు అల్లేవారు. భోజనమూ దారమూ ఒకే పనిలో అన్నమాట. తిండి మారితే దారం కూడా పోతుంది.

సరిగ్గా అదే జరిగింది. 1859లో జార్జ్ టాప్లిన్ అనే మతబోధకుడు అక్కడ మిషన్ పెట్టాడు. రేషన్లో గోధుమపిండి, పంచదార వచ్చాయి. పిల్లలు బడి హాస్టల్లోకి వెళ్ళారు. వల పని గురించి శ్రద్ధగా రాసిపెట్టింది కూడా ఈ టాప్లినే! డాక్యుమెంట్ రాసిన చెయ్యే కేటీకి అడ్డం పడింది.

అయితే తుంగతో బుట్టలల్లే విద్య కొందరు పెద్దవాళ్ళ చేతుల్లో మిగిలింది. 1982లో డోరతీ కార్టిన్‌యెరి అనే పెద్దావిడ ఒక్కరోజు నేర్పితే, ఈవాన్ కూల్‌మాట్రీ ఆ అల్లిక పట్టుకుంది. తర్వాత మ్యూజియంలో పాతవి చూసి, మలుగు చేపలు పట్టే పొడవాటి బుట్టల్ని మళ్ళీ అల్లింది. 1997లో ఆమె పని వెనిస్ బినాలే దాకా వెళ్ళింది.

ఆ బుట్టలు అంతకుముందూ మ్యూజియంలోనే ఉన్నాయి కదా, చూసినవాళ్ళందరూ ఎందుకు అల్లలేకపోయారు? కుట్టు తెలీనివాడికి అది ఉత్త బుట్టే. సోర్సు కోడ్ లేని ఎగ్జిక్యూటబుల్ లాంటిది. ఆ ఒక్కరోజు పాఠం లేకపోతే టాప్లిన్ పుస్తకాలూ, మ్యూజియం అద్దాలూ ఏమీ చెయ్యలేవు.

"అంతా వీడియో తీసి పెట్టేశాం, విద్య భద్రం" అనేవాళ్ళతో నా పేచీ ఇదే. పక్కన కూర్చుని నేర్చుకునేవాడు ఒక్కడైనా లేకపోతే, ఎంత బ్యాకప్ ఉండి ఏం లాభం? మీరేమంటారు?