ఎఱ్ఱగుడి బండ – సీమ పశువైద్యము

గుత్తినుండి పత్తికొండకు పోవు బాటలో, జొన్నగిరికి సమీపమున, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచ్చటి గుట్టబండలపై అశోకచక్రవర్తి శాసనములు బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. 1929లో అనూఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని కనుగొనెను. పెద్దశాసనములు పదునాలుగింటితోపాటు చిన్నశాసనమును అచ్చటనే యుండుట విశేషము. ఆ చిన్నశాసనములోని కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచినవి. కాడియెద్దులు చాలు మళ్లినట్లుండు ఇట్టి వ్రాతకు గ్రీకులు ఎద్దు పేరుమీదనే పేరు పెట్టిరి. సేద్యపుసీమలోని బండకు అది తగియే యున్నది.

పెద్దశాసనములలో రెండవది మనకు ముఖ్యము. తన రాజ్యమునందును, చోళ పాండ్యాది పొరుగు దేశములందును, తామ్రపర్ణి వఱకును, యవనరాజగు అంతియోకుని నాటను మనుష్యులకును పశువులకును వేఱువేఱుగ చికిత్స ఏర్పఱచితి ననియు, మూలికలు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించితి ననియు, బాటలవెంట బావులు త్రవ్వించితి ననియు చక్రవర్తి అందు తెలిపెను. క్రీ. పూ. 3వ శతాబ్దినాటి మాట యిది. బండపై వ్రాత నిలిచినది. దాని వెనుకటి ఏర్పాటు నిలువలేదు.

విద్య లేక కాదు. శాలిహోత్రుని పేర అశ్వవైద్యమును, పాలకాప్యుని పేర గజవైద్యమును శాస్త్రములై వెలసినవి. విరాటుని కొలువున నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆలమందలను కాచిన కథ తిక్కనగారి వలన తెలుగువారికి సుపరిచితము. కౌటిల్యుడు గోధ్యక్షుని విధులు చెప్పెను. అగ్నిపురాణమున గవాయుర్వేదమును కలదు. అయినను, రాజు లెక్కెడి ఏనుగునకును గుఱ్ఱమునకును దక్కిన గ్రంథవిస్తారము మడక లాగెడి ఎద్దునకు దక్కలేదు. దానికి మిగిలినది కాపు చేతివైద్యమే.

కర్నూలు కడప సీమలలో ఎద్దన నేమో తెలిసినవారికే ఆ లోటు ఎంతటిదో తెలియును. నల్లరేగడిలో లోతున వేరూనిన గడ్డిని పెకలించుటకు నాలుగైదు కాండ్లు కట్టిన పెద్దమడక కావలసియుండెను. గొఱ్ఱు, గుంటక, కపిల, బండి, అన్నియు ఎద్దు మెడమీదివే. వాన ఒక్కమారు పడును. పదును కొన్నిదినములే యుండును. ఆ దినములలో కాడి విఱిగినచో ఆ యేటికి చేను బీడే. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ నుండిన మన్రో, విత్తులకును ఎద్దులకును తకావి అప్పులిచ్చుటలోని యంతరార్థ మిదియే. ఎద్దు లేనివానివద్ద శిస్తు రాదని సర్కారు ఎఱుగును.

ఊళ్లలోని వైద్యమును తేలికగ త్రోసివేయ రాదు. గాలికుంటు తగిలిన పశువు గిట్టలు కడిగి పుండ్లకు పసుపు, వేపనూనె రాచుట మంచిదే. గొంతువాపునకు, జబ్బవాపునకు వాతలు పెట్టుటవలన మాత్రము ప్రయోజనము లేదు. పశువునకు అదనపు బాధయే. ఊరమ్మకు జాతర చేసి పొలి చల్లినపుడు పశువులను పొలిమేర దాటనీయని కట్టడి కొన్ని యూళ్లలో నుండెను. భక్తిచే చేసిన యా పనియందు నిజమైన వైద్యసూత్ర మొకటి దాగియున్నది. ఏలన, అన్నిటికంటె ఘోరమైన ముసర రోగము మందనుండి మందకు తాకిడివలననే ప్రాకెడిది.

ముసర వచ్చిన పశువునకు తీవ్రజ్వరము తగులును. కండ్లు, ముక్కు కారును; నోట పుండ్లు లేచును; పిదప పారుడు పట్టుకొనును. చాల పశువులు వారము, పదిదినములలో కూలెడివి. బ్రతికినదానికి మరల అది జన్మలో రాదు. రోగబీజము పశువు వెలుపల ఎక్కువకాలము నిలువజాలదు. కావున మందలను వేఱుచేసినచో రోగము ఆగును, కలిపినచో పెరుగును. కాని 1876-78 నాటి ధాత కరవువంటి కాలమున కలపక ఏమి చేయగలరు? కసవు లేక పశువులను నల్లమలకు తోలుట ఈ సీమ రైతుకు తప్పని గతి. ఒక్క మడుగుకడ పది యూళ్ల మందలు చేరినచో ముసరకు అంతకంటె సదుపాయమేమి?

1866లో మద్రాసు రాజధానిలో పశురోగ చట్టము వచ్చెను. 1871లో విచారణసంఘపు నివేదిక వెలువడెను. చట్టముండెను గాని మందు లేదు. 1889లో పూనాలో స్థాపింపబడిన రోగజీవ పరిశోధనాలయము 1893లో హిమాలయ ప్రాంతమగు ముక్తేశ్వరమునకు మార్చబడెను. తొలుత అచ్చట తయారైన రక్షకరసము కొలదిదినములే కాపాడెడిది. 1920 తర్వాతి దశాబ్దిలో ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు రోగబీజమును మేకనుండి మేకకు ఎక్కించి ఎక్కించి, దాని వాడిమిని తగ్గించి, టీకాగ మార్చెను. మేక ఋణము ఎద్దు తీర్చుకొనలేనిది.

ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలు రాజధానిగ నున్న కాలముననే, 1954లో, దేశమంతట ముసర నిర్మూలన పథకము ఆరంభమయ్యెను. ఆ మేకటీకా వేసిన పిమ్మట కొన్ని పశువులకు జ్వరము తగిలెడిది, పాలు తగ్గెడివి. దుక్కినాళ్లలో కాడియెద్దుకు జ్వరము తెప్పించుకొనుటకు రైతు సంకోచించె నన్న దానిని మౌఢ్య మనుట న్యాయము కాదు. అతడు లెక్క చూచుకొనెను. ముసర నోటిలో మంద సగము పోయిన యూరివానికి మాత్రము ఆ లెక్క వేఱుగ కనబడెడిది. తర్వాత కెన్యాలో ప్లోరైట్ రూపొందించిన టీకావలన ఆ బాధయు తొలగెను.

దేశమున కడపటి ముసర 1995లో తమిళనాట కనబడెను. 2006లో అంతర్జాతీయ పశ్వారోగ్య సంస్థ భారతదేశమును ముసరరహితముగ గుర్తించెను. 2011లో లోకమునుండియే అది తొలగిపోయెనని ప్రకటింపబడెను. మశూచి తర్వాత మానవుడు భూమిమీద లేకుండ చేసిన రోగము ఇదొక్కటియే. 1919-20లో ఆరంభమైన పశుగణనలో బ్రతికిన పశువునకే గడి యుండెను గాని చచ్చినదానికి లేదు. కావున ఈ సీమలో ముసరకు పోయిన ఎద్దులెన్నియో ఆ పట్టికలు చెప్పవు.

ముసరకు చుట్టమగు పారుడు రోగము ఇంకను గొఱ్ఱెలను మేకలను పట్టుచున్నది. మనదేశమున దీనిని 1987లో తమిళనాట తొలిసారి గుర్తించిరి. అంతకుముందు ముసరయే యనుకొనుచుండిరి. దీనికిని టీకా కలదు. ఒక్కమారు వేసిన మూడేండ్లు కాచును. కడపజిల్లా ప్రొద్దుటూరున 2008లో పశువైద్య కళాశాల వెలసినది. మేతకై మందలు ఊరు విడిచి వలసపోకమునుపే ఆ టీకా పడవలెను; త్రోవలో ఏ మంద ఏ మందతో కలియునో కాపరికిని తెలియదు.