కమ్యూనిటీ కాలేజీ కర్బన పద్దు: బ్యూట్ కాలేజీ నుంచి మన సంఘ భవనాల దాకా

అమెరికా వెళ్లిన మన పిల్లల మాటల్లో కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు తరచూ వినిపిస్తుంది. అక్కడ రెండేళ్లు తక్కువ ఫీజుతో చదివి, తర్వాత విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి చేరవచ్చు. చాలావరకు చుట్టుపక్కల ఊళ్లవారే ఇంటి నుంచి వచ్చి చదువుకుంటారు. మన దేశంలోనూ ఈ పద్ధతి ఉంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1995లోనే కమ్యూనిటీ కాలేజీ ప్రారంభించింది కనుక యానాం పాఠకులకు ఈ మాట కొత్త కాకపోవచ్చు.

అలాంటి ఒక కాలేజీ తాను వాడే కరెంటు కంటే ఎక్కువ కరెంటును తానే తయారుచేసే స్థితికి చేరింది. భవనాలు, కల్యాణ మండపాలు, వసతి గృహాలు నడిపే మన తెలుగు సంఘాలకు ఇందులో పనికొచ్చే సంగతి ఉందని ఈ వివరాలు అందిస్తున్నాం.

బ్యూట్ కాలేజీ

ఇది ఉత్తర కాలిఫోర్నియాలో ఒరొవిల్, చీకో పట్టణాల దగ్గర, 928 ఎకరాల స్థలంలో ఉంది. పట్టణానికి దూరం కావడంతో నీటికి సొంత బావులు, మురుగునీటి శుద్ధికి సొంత ఏర్పాటు, విద్యార్థులకు సొంత బస్సులు సమకూర్చుకుంది. సౌర పలకలను ఒకేసారి కాక మూడు విడతల్లో పెట్టింది. మొదటి విడత 2005లో, చివరిది 2011లో. ఖాళీ నేల మీద, పైకప్పుల మీద, కార్లు నిలిపే చోట నీడ పందిళ్ల మీద కలిపి సుమారు 25,000 పలకలు ఉన్నాయి. మొత్తం సామర్థ్యం దాదాపు నాలుగున్నర మెగావాట్లు. ఏడాదికి 60 లక్షల యూనిట్లకు పైగా ఉత్పత్తి. 2011లో, వాడకం కంటే ఉత్పత్తి ఎక్కువైన తొలి అమెరికన్ కాలేజీగా దీనికి పేరు వచ్చింది.

ఆ ప్రాంతంవారికి వాతావరణ మార్పు పుస్తకాల్లో చదివే విషయం కాదు. 2018 నవంబరు 8న అక్కడికి దగ్గరలోని ప్యారడైజ్ పట్టణాన్ని కార్చిచ్చు కాల్చేసింది. 85 మంది చనిపోయారు. నిప్పు పుట్టింది విద్యుత్ తీగ నుంచే అయినా, ఎండిపోయిన గడ్డి, బలమైన గాలి దాన్ని ఊరి మీదికి తెచ్చాయి. ఒక కాలేజీ పలకలు పెట్టినంత మాత్రాన అలాంటి మంటలు ఆగవు. కానీ తన వంతు ఎంతో లెక్క రాసుకుని, దాన్ని తగ్గించుకోవడం ఏ సంస్థకైనా సాధ్యమేనని ఆ కాలేజీ చూపించింది.

మూడు పద్దులు

కర్బన లెక్కను మూడు పద్దులుగా రాస్తారు. మొదటిది, మన ఆవరణలో మనమే కాల్చేది: జనరేటర్ డీజిల్, వంట గ్యాస్, సొంత వాహనాల ఇంధనం. రెండోది, కొనుక్కునే కరెంటు. మూడోది, మన పని వల్ల బయట అయ్యేది: వచ్చిపోయేవారి ప్రయాణం, చెత్త, కొన్న సరుకులు.

బ్యూట్ కాలేజీ గెలుపు ముఖ్యంగా రెండో పద్దులో. రాత్రిపూట అది కూడా గ్రిడ్ కరెంటే వాడుకుంటుంది. ఏడాది మొత్తం మీద ఇచ్చింది ఎక్కువ, తీసుకున్నది తక్కువ, అంతే. ఇంటి నుంచి వచ్చి చదివే కాలేజీలకు మూడో పద్దులో ప్రయాణమే బరువు. పలకలు ఆ బరువును తగ్గించలేవు, బస్సులు తగ్గిస్తాయి. ఒక్క పద్దు చూపించి మొత్తం తీరిపోయిందనడం సరి కాదు.

మన భవనాలకు

మా సంఘంలో ఈ ప్రస్తావన సర్వసభ్య సమావేశంలో వచ్చింది. హాలుకు పెద్ద జనరేటర్ కొందామని కొందరు, పైకప్పు మీద సౌర పలకలు పెడదామని కొందరు అన్నారు. ముందు లెక్క తీద్దామని ఫైళ్లు విప్పాం. కరెంటు బిల్లులు వరుసగా ఉన్నాయి కానీ డీజిల్ రశీదులు చాలావరకు లేవు. జీవితమంతా ఫైళ్లతో గడిపిన మాకు అది తలవంపే. అప్పటినుంచి డీజిల్‌కు విడిగా ఒక రిజిస్టరు పెట్టాం. తీర్మానం మాత్రం ఏడాది లెక్క చేతికి వచ్చాకే.

లెక్క కట్టడానికి ఈ అంకెలు చాలు:

– లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.
– 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌కు సుమారు 42 కిలోలు.
– మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు.
– ఒక కిలోవాట్ సౌర పలకలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి.

ఉదాహరణకు 10 కిలోవాట్ల పలకలు పెడితే ఏడాదికి సుమారు 14,000 యూనిట్లు. అంటే దాదాపు 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు.

ఒక హెచ్చరిక. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ (3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయలు) ఇళ్లకు ఉద్దేశించినది. సంఘ భవనాల కనెక్షన్ సాధారణంగా గృహేతర కేటగిరీలో ఉంటుంది కనుక, సబ్సిడీ వస్తుందని నమ్మి బడ్జెట్ వేయవద్దు. మిగులు యూనిట్లకు జమ ఇచ్చే నియమాలు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, పుదుచ్చేరిల్లో ఒకేలా లేవు. మీ విద్యుత్ కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

మరో మాట. కల్యాణ మండపంలో వాడకం ముహూర్తాల రోజుల్లో, అదీ ఎక్కువగా రాత్రిళ్లు. గ్రిడ్ సరఫరా ఆగితే బ్యాటరీ లేని సౌర ఏర్పాటు కూడా ఆగిపోతుంది. కాబట్టి పలకలు పెట్టినా జనరేటర్ అవసరం పూర్తిగా పోదు. ఈ సంగతి సభ్యులకు ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత మాట పడాల్సి వస్తుంది.

క్రమం ఇది: ముందు ఏడాది లెక్క. తర్వాత వృథా ఆపడం, అంటే పాత ట్యూబులైట్లు మార్చడం, ఖాళీ గదుల్లో ఫ్యాన్లు ఆపడం. ఆ తర్వాత మిగిలిన వాడకానికి సరిపడా పలకలు. డబ్బు చాలకపోతే బ్యూట్ కాలేజీలా విడతలుగా. వాళ్లకు మొదటి విడత నుంచి చివరి విడతకు ఆరేళ్లు పట్టింది. మన పెద్దలు చందాలు పోగుచేసి కట్టిన భవనాలు ఇవి. వాటి బిల్లుల భారం, పొగ భారం తర్వాతి తరం మీద పడకుండా చూడటం మన బాధ్యత.