మూడు సీసాలు కాదు, ఒక్కటి

రాత్రి తొమ్మిది దాటింది. క్రీట్ దీవిలో హన్యా పాత ఊరు. రేవుకి రెండు సందుల వెనక, మేడమీది గదిలో, మంచం నిండా సామాను పరిచి ఉంది. తెరిచిన కిటికీలోంచి వేయించిన చేప వాసన వస్తోంది, కింద ఎవరో కుర్చీలు లాగుతున్నారు. రేపు తొలి బస్సుకి సమరియా వెళ్లాలి. మంచానికి ఆ చివర అక్క, ఈ చివర నేను. మధ్యలో రెండు బ్యాగులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి.

"నీళ్లు పెట్టావుటే?" అంటోంది అక్క, మూడోసారి.

పెట్టాను. లీటరున్నర సీసాలు మూడు నా బ్యాగులో, మూడు దాని బ్యాగులో. గోదావరి జిల్లా ఎండలో పెరిగినవాళ్లం, నీళ్లు లేకుండా గడప దాటం. బ్యాగు ఎత్తి చూశాను. బియ్యం మూట ఎత్తినట్టుంది.

సమరియాని లోయ అంటే సరిపోదు, గండి అనాలి, గండికోటలో ఉందే ఆ గండి. లెఫ్కా ఓరి అంటే తెల్లకొండలు. ఆ కొండల్ని నీళ్లు కోసుకుంటూ పోయి దక్షిణాన లిబియా సముద్రంలో కలిసిన దారి ఇది. క్సిలోస్కాలో అనే చోట, దాదాపు 1,230 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. అక్కణ్ణుంచి పార్కు చివరి గేటు దాకా 13 కిలోమీటర్లు. ఇంకో మూడు నడిస్తే అయియా రుమేలి, సముద్రం. ఆ ఊరికి రోడ్డు లేదు. సాయంత్రం బోటెక్కి పక్క ఊరికి వెళ్లి, అక్కడ బస్సు పట్టుకోవాలి. బోటు తప్పిందా, ఆ రాత్రికి అక్కడే పడక. ఏదైనా మరిచిపోతే వెనక్కొచ్చి తెచ్చుకునే దారి కాదు కనకనే ఈ హడావుడంతా.

"దిగడమేగా" అంటోంది అక్క, మేజోళ్లు ఉండచుడుతూ. "తిరుమల 3,550 మెట్లూ ఎక్కినదాన్ని. దిగడానికి ఇంత ఆర్భాటమా?"

తలుపు చప్పుడైంది. ఇంటావిడ. డెబ్బై అయిదేళ్లుంటాయి, నల్ల గౌను, నడుముకి తుండు. బస్సు సంగతి గుర్తుచేద్దామని వచ్చింది. వయసులో ఉండగా స్టుట్‌గార్ట్‌లో ఫ్యాక్టరీలో పనిచేసిందట. 1960లో పశ్చిమ జర్మనీ గ్రీసుతో ఒప్పందం చేసుకుని కూలీలని రప్పించుకుందిలెండి, ఆ వరసలో వెళ్లినావిడ. అక్క ఇరవయ్యేళ్లుగా ఉంటున్నదీ స్టుట్‌గార్ట్‌లోనే. దాంతో మొదటిరోజు నుంచీ ఇద్దరూ జర్మన్‌లో ఒకటే కబుర్లు. నాకు మాత్రం అక్క ఓపికని బట్టి మూడింట ఒక వంతు తెలుగులోకి దిగుతుంది.

ఆవిడ మంచం వంక చూసి, గడ్డం కొంచెం పైకెత్తి "త్చ్" అంది. ఇక్కడ దాని అర్థం కాదు, కూడదు అని. మన "ప్చ్"కి దగ్గరగానే ఉంది. అడగా పెట్టకుండా నా బ్యాగులో చెయ్యిపెట్టి ఒక సీసా తీసి నేలమీద పెట్టింది. ఇంకోటి తీసింది. మూడోదాన్ని మాత్రం ఉండనిచ్చింది.

"ఎండకి చచ్చిపోమూ?" అన్నాను తెలుగులోనే. మొహం చూసి అర్థం చేసుకుందో ఏమో, వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది: నెరూత్సికో, రీజా సికియాస్, అయియోస్ నికోలాస్... దారిలో ఊటనీళ్లు పట్టుకునే చోట్లు. కొండ ఇస్తూనే ఉంటే కొండకే నీళ్లు మోసుకుపోతారా అన్నది ఆవిడ కోపం. మనిషికొక సీసా. ఖాళీ చేయడం, నింపడం. అయితే ఇనపద్వారాలనే ఇరుకు దాటకముందే ఒకసారి నిండా పట్టుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత నీడ కరువు, చివరి మూడు కిలోమీటర్లూ పెనం మీద నడకే.

ఇదంతా తెలుగులో చెబుతున్న అక్క చివరికొచ్చేసరికి నవ్వుతోంది. దాని బ్యాగులోంచి సీసాలు తీసే వంతు ఇంకా రాలేదు కదా.

రానేవచ్చింది. సీసాలతో బాటు గొడుగు, లావుపాటి తువ్వాలు, రెండో జత చెప్పులు, నవల కూడా బయటికొచ్చాయి. స్టీలు డబ్బా దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. మూత తీసి వాసన చూసింది. పులిహోర. ఈ పెరటి నిమ్మకాయలే పిండి, ఈ వంటింట్లోనే సాయంత్రం అక్క కలిపింది. ఆవాలు అరబ్బుల కొట్లో దొరికాయి, కరివేపాకు స్టుట్‌గార్ట్ నుంచి ఎండబెట్టి తెచ్చింది. ఆవిడ నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, మూత బిగించి, మళ్లీ బ్యాగులో పెట్టేసింది. మాట్లాడలేదు.

కిందికెళ్లి గుడ్డలో మూటకట్టి నాలుగు బార్లీ రస్కులు తెచ్చింది. పాక్సిమాది అంటారు. రస్కు అన్నాను గానీ టీలో ముంచుకునే మన రస్కుతో దానికి పోలిక లేదు. రొట్టె ఒకసారి కాల్చి, కోసి, నీరంతా పోయేదాకా మళ్లీ కాల్చింది. బల్లకేసి కొడితే బల్లకే సొట్ట. కొండల్లో గొర్రెలకాపరులు వూర్యా అనే నేతసంచిలో వేసుకుని రోజుల తరబడి తిరిగేది దీంతోనేనట. మనకి చద్దిమూట ఎలాగో వాళ్లకి ఇదలాగ. తినే పద్ధతి చేసి చూపించింది. కుళాయి కింద ఒక్క క్షణం, అంతే. నానబెట్టకూడదు, తడిపీ తడపనట్టు. పైన టొమాటో పిండాలి, రాత్రే పిండి పెట్టుకుంటే జావ అవుతుంది కాబట్టి టొమాటోని కాయగానే తీసుకెళ్లాలి. ఒక గ్రవియేరా జున్నుముక్క, గుప్పెడు ఆలివ్‌కాయలు. చెమటతో పోయే ఉప్పుకి ఆలివ్ చాలు, పొట్లాల్లో అమ్మే పొడులక్కర్లేదని ఆవిడ మాట.

అన్నీ సర్దేసరికి ఒక సంగతి తట్టింది. కొండపైన కావలసింది బ్యాగులో పైన, సముద్రం దగ్గర కావలసింది అడుగున. దారి మొదలయ్యే ఓమలోస్ పీఠభూమి మీద పొద్దున్నే చలి గిలిగింతలు పెడుతుంది, స్వెటరు అన్నిటికన్నా పైన. తర్వాత టోపీ, ఎండ పూత. కాలికి చుట్టే పట్టీ, బొబ్బలకి అంటించే ప్లాస్టర్లు పక్క జేబులో. మధ్యలో తిండి. అట్టడుగున ఈతబట్టలు, పల్చని తువ్వాలు, బోటు టిక్కెట్టుకి యూరో నోట్లు. దారిని నిట్టనిలువుగా మడిచి సంచిలో పెట్టుకున్నట్టుంది.

ఇక పడుకోవచ్చు అనుకున్నాను. ఇంటావిడ కదల్లేదు. అక్క పాదాల వంక చూసి ఏదో అంది. అక్క మొహం ముడుచుకుంది.

"ఏమంటోందే?"

"కాలి గోళ్లు తీసుకున్నావా అంటోంది."

బ్యాగు గొడవలో పడి మేం వదిలేసినది ఇదే. ఎక్కేటప్పుడు రాపిడి మడమల మీద, దిగేటప్పుడు వేళ్ల మీద. తొలి నాలుగు కిలోమీటర్లలోనే దాదాపు సగం ఎత్తు దిగిపోతాం. అడుగడుక్కీ కాలు బూటులో ముందుకి జారి, బొటనవేలు తోలుకి కొట్టుకుంటుంది. వేలసార్లు. గోరు పెరిగి ఉంటే మధ్యాహ్నానికి నల్లబడుతుంది, నెలకి ఊడుతుంది. ఆవిడ అక్కని బూట్లేయించి మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. కిందికి మొహం పెట్టి నిలబెట్టి, మెట్టుని బూటుకొసతో తన్నమంది. తన్నింది. "అబ్బా" అంది.

బూట్లు కొత్తవేం కాదు, ఏడాదిగా వాడుతున్నవే. లేసు కట్టడమే తేడా. ఆవిడ మెట్ల మీద మోకాళ్లూని, ముడి విప్పి, మడమని బూటు వెనక్కి నెట్టి, ఎవరూ వాడని ఆ చిట్టచివరి కన్నంలోంచి లేసు దూర్చి చీలమండ దగ్గర బిగించింది. వేళ్ల దగ్గర వదులు, చీలమండ దగ్గర బిగువు. మళ్లీ తన్నించింది. అక్క ఏమీ అనలేదు.

పది గంటలకి, పాత పేపరు పరుచుకుని, యాభై రెండేళ్ల మా అక్క నేలమీద కూర్చుని గోళ్లు తీసుకుంటోంది. "రాత్రిపూట గోళ్లు తీస్తే అమ్మ చంపేసేది" అంటోంది. టక్, టక్. గోళ్లు ఏరి పొట్లం కట్టింది.

ఇంటావిడ గుమ్మం దగ్గర ఆగి చివరి మాటలు చెప్పింది. రాళ్లు పడతాయి జాగ్రత్త అన్న బోర్డు కనిపిస్తే అక్కడ ఫొటోలకి ఆగొద్దు, గబగబా దాటాలి. సమరియా పాత ఊళ్లో కూర్చున్నప్పుడు బ్యాగు జిప్పు మూసే ఉంచాలి, అగ్రిమి అనే అడవిమేకలు వస్తాయి. వాటికేమీ పెట్టకూడదు, అవే తీసుకోకుండా చూసుకోవాలి. ఆ ఊరు 1962లో ఖాళీ అయింది, పార్కు పెట్టినప్పుడు జనాన్ని పంపేశారు. ఒసియా మరియా గుడి పేరే అరిగి అరిగి సమరియా అయిందంటారు. కాలు మెలికపడితే కంచరగాడిదే అంబులెన్సు. "సిగా, సిగా" అంది, అంటే మెల్లగా, మెల్లగా. "కలో ద్రోమో." ఇది నాకు అక్క సాయం లేకుండానే తెలిసింది. దారి మంచిదవ్వాలని.

తెల్లవారుజాము. రేవు వీధులు కడిగినట్టు ఖాళీగా ఉన్నాయి. బస్సులో సగంమంది నిద్రలోనే ఉన్నారు. నారింజ తోటలు దాటాక మలుపులు మొదలయ్యాయి. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. గంట తిరిగేసరికి కొండల మధ్య పళ్లెంలా పీఠభూమి, గొర్రెల మెడగంటలు. బస్సు దిగగానే చలి మొహాన కొట్టింది. స్వెటరు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, పైనే ఉంది. ఎదురుగా గింగిలోస్ శిఖరం, 2,080 మీటర్లు, ఇంకా దాని తలమీద మాత్రమే ఎండ.

గేటు దగ్గర టిక్కెట్టు ముక్క దాచుకోమన్నారు. కింద గేటులో తిరిగిచ్చెయ్యాలి, లోపల ఎవరైనా మిగిలిపోయారేమో లెక్క తేలడానికి. అక్క దాన్ని మడిచి, పాస్‌పోర్టంత భద్రంగా, ప్లాస్టర్ల జేబులో పెట్టింది. క్సిలోస్కాలో అంటే కొయ్యమెట్లు. ఇప్పుడున్నవి రాతి మలుపులు, అంచున కొయ్య కటకటాలు. అక్క మొదటి మెట్టు దగ్గర ఆగి, వంగి, చివరి కన్నం లేసు ఒకసారి లాగి చూసుకుంది.

సరళవృక్షాల జిగురు వాసన. చేతికర్రల టకటక. ఎవరూ మాట్లాడటం లేదు, అందరి కళ్లూ పాదాల మీదే. ముప్పావు గంట దిగాక నీళ్ల చప్పుడు వినిపించింది. నెరూత్సికో. సీసా అప్పటికి సగం కూడా కాలేదు. అయినా పారబోసి, ఆ చల్లటి నీళ్లు పట్టాను. గుక్క వేస్తే పళ్లు జివ్వుమన్నాయి.

అక్క చెట్టుకింద రాయి చూసుకుని కూర్చుంది. వేళ్లు ఎలా ఉన్నాయని అడిగాను. బాగున్నాయిట. టైము ఎనిమిదిన్నరే.

"బరువు మొయ్యొద్దందిగా ఆవిడ" అంటూ పులిహోర డబ్బా మూత తీసింది.